వేపమాను పంపకము

మన కోయిలకుంట్ల సీమలో రాతికి కొదువ లేదు; మానుకే కొదువ. భూగర్భమును శోధించినవారు ఇక్కడి సున్నపురాతి పొర యొకదానికి మన ఊరి పేరే పెట్టి, తమ గ్రంథములలో కోయిలకుంట్ల సున్నపురాయి అని వ్రాయుచున్నారు. వాకిట బండ, నట్టింట బండ, పెరటి గోడకు బండ, కొన్ని యిండ్లకు కప్పు సహితము బండయే. అయినను ప్రియ చదువరులారా, రాతితో ఎంత కట్టినను ద్వారబంధము దగ్గరకు వచ్చుసరికి మాను కావలెను. రాయి నిలువుగా ఎంత బరువైనను మోయును. అడ్డముగా పరచి మోయుమన్న, ఎడము ఎక్కువైనకొలది నడుమ విరుగును. మిద్దెకు దూలము, దూలము మీద దంతెలు, వాకిలికి తలుపులు, బిడ్డకు ఊయల, చచ్చినవానికి పెట్టె, ఇవన్నియు మానువే.

మన నల్లరేగడి చేల గట్ల మీద తుమ్మ పెరుగును. నాగలికిని బండిచక్రమునకును దానిని మించినది లేదు. చింత గట్టి మాను. మాంసము కొట్టు మొద్దునకు పనికివచ్చును. టేకు కావలెనన్న తూర్పున నల్లమల వైపు చూడవలెను, సంచి మూతి విప్పవలెను. బీదవాని యింటికి బీదవాని మాను వేప. దాని లోపలి చేవ ఎర్రగా నుండును. చెద దానిని తొందరగా ముట్టదు. వెలుపలి తెల్లచెక్క మాత్రము త్వరగా పుచ్చును. ఈ చేవకును తెల్లచెక్కకును ఉన్న భేదమే నన్ను పాపములో పడవేసెను గనుక దానిని మీరు జ్ఞాపకముంచుకొనుడి.

మా చిన్ననాట ఇంటి మానును ఇంటి యొద్దనే కోయించెడివారు. కోతగాండ్రు ఇద్దరు పెద్దరంపమును భుజము మీద వేసికొని వచ్చెడివారు. గుంత త్రవ్వియో, కొయ్యలు కట్టి ఎత్తు చేసియో మొద్దును పైకి ఎక్కించి, ఒకడు మొద్దు మీద నిలుచును, ఒకడు క్రింద నిలుచును. కావిలో ముంచిన దారమును సాగదీసి మీటి గీత పెట్టి, ఆ గీత వెంబడి పైవాడు లాగును, క్రిందివాడు దించును. పైవానికి చూపు పని, క్రిందివానికి బలము పని. పొట్టు అంతయు క్రిందివాని నెత్తిమీదనే రాలును. ప్రభువు కంటిలోని నలుసును గూర్చియు దూలమును గూర్చియు చెప్పిన మాట మత్తయి ఏడవ అధ్యాయములో కలదు గదా. దానిని ఎన్నిసార్లు చదివినను, ఒక సంగతి నాకు ఆ కోతగుంత దగ్గరనే తెలిసెను. క్రిందివాని కంటిలో పడిన ఆ నలుసు ఎక్కడనుండి వచ్చెను? పైనున్న దూలములోనుండియే గదా. రెండును ఒక్క మానువే. వడ్రంగి యింట పెరిగినవాడు గనుక ఆయన ఈ సంగతి ఎరిగియే చెప్పెనేమో అని నాకు తోచును. పండితులు ఒప్పుకొందురో లేదో.

తరువాత పట్టణములలో కరెంటు రంపపు మిల్లులు వచ్చెను. కోతగాండ్రు గుంతలు పూడ్చి కూలికి పోయిరి. మొద్దును బండి మీద వేసి మిల్లుకు తోలుట, పలకలు తెచ్చుకొనుట, అంచుచెక్కలును పొట్టును అక్కడనే విడిచివచ్చుట మనకు వాడుక ఆయెను. ఇప్పుడు కాలము మరల తిరిగినది. రంపమే ఇంటికి వచ్చుచున్నది. మీలో కొందరు చూచియుందురు. రెండు ఇనుప పట్టాలు నేలమీద సమముగా పరతురు. మొద్దును వాటి నడుమ పడుకొనబెట్టి కొక్కెములతో బిగింతురు. రెండు చక్రముల మీద తిరుగు సన్నని పట్టీరంపము, దానికి ఒక చిన్న ఇంజను, ఈ రెండును కలిసిన పెట్టె పట్టాల మీద కదలును. ఒక మనిషి దానిని నెమ్మదిగా నెట్టుకొనిపోవును. ఒక పలక తెగును. వెనుకకు తెచ్చి, పిడి త్రిప్పి, కావలసిన మందమునకు రంపమును దించి, మరల నెట్టును. 1982లో అమెరికా దేశపు ఇండియానా రాష్ట్రములో వుడ్‌మైజర్ అను కంపెనీ ఇట్టివి చేయ మొదలుపెట్టెను. నేడు అనేక దేశములలో అనేకులు చేయుచున్నారు.

దీనివలన లాభము లేకపోలేదు. పట్టీరంపము పలుచన గనుక ఒక్కొక్క కోతకు రెండు మూడు మిల్లీమీటర్ల మాను మాత్రమే పొట్టగును. మిల్లులోని గుండ్రని రంపము అంతకు రెట్టింపును, ఇంకను ఎక్కువయు తినును. పది కోతలు కోసితిమనుకొనుడి: దీనికి పోవునది ఒక అంగుళము, దానికి పోవునది రెండు అంగుళములకు పైన. ఒక పలక మిగిలినట్లే. అంచుచెక్కలు మన పొయ్యికే వచ్చును. బాడుగ తప్పును. మోసపోయితిమేమో, మన మొద్దు బదులు వేరొకరి మొద్దు కోసి యిచ్చిరేమో అను అనుమానము తప్పును.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలెను. చెట్టు నాది, యంత్రము చిన్నది, ఎవరిని అడుగనేల అని అనుకొనకుడి. 2002లో చేసిన నీరు, భూమి, చెట్ల చట్టము మన రాష్ట్రములో అమలులో ఉన్నది; వాల్టా అని మనవారు పిలుచునది అదియే. దాని ప్రకారము అనుమతి లేక చెట్టు నరుకరాదు. రంపపు మిల్లు పెట్టుటకు అటవీశాఖవారి లైసెన్సు కావలెను. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు అడవులను గూర్చి ఇచ్చిన ఉత్తరువు తరువాత ఈ అదుపు మరింత బిగిసెను. చిన్న యంత్రమునకు ఏ నియమమో వారి యొద్దనే ముందుగా అడిగి తెలిసికొనుడి. ఇది పీడ అని కొందరందురు. నేను అట్లు అనను. రంపము ఎవరి మాను అని అడుగదు. పగటిపూట ఇంటి వేపను కోసినదే రాత్రిపూట అడవి మానును కోయును. మనకు దక్షిణమున కడప కొండలలో ఎర్రచందనమును గూర్చి ఏమి జరుగుచున్నదో మీరెరుగుదురు. 2015 ఏప్రిల్ 7న శేషాచలములో ఇరువదిమంది కూలీలు పోలీసు కాల్పులలో చనిపోయిరి. గొడ్డలి పట్టినవానికి కూలి. మాను అమ్మినవానికి మేడ. చచ్చినవాని భార్యకు ఏమి? మానుకు మంచి చెడ్డలు లేవు. మన కోయిలకుంట్లలోనే 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసిరి. ఆయన తలను 1877 వరకు కోట మీద వ్రేలాడదీసి యుంచిరి. ఊయలకు పనికివచ్చిన మానే ఉరికంబమునకును పనికివచ్చును. అడుగవలసినవాడు మనుష్యుడే గనుక అడుగుటకు ఒక ఆఫీసు ఉండుట మంచిదే.

ఇక నా సంగతి చెప్పెదను. ఇది చెప్పుటకు నాకు సిగ్గుగానే యున్నది. నేను మా సంఘములో పెద్దను. అయ్యగారు రాని ఆదివారములలో వాక్యము చదివి నాలుగు మాటలు చెప్పువాడను.

నాకు ఒక తమ్ముడున్నాడు. మా యిండ్లు రెండును ఒకే గోడకు అటు ఇటు. ఆ గోడ సందున ఒక వేపచెట్టు మొలిచి, గోడను రెండు చేసి, మా అమ్మ కాలములోనే పెద్దదాయెను. అమ్మ చనిపోయిన పిమ్మట ఒక బావి నీటి వంతులను గూర్చి మా యిద్దరికి మాట పట్టింపు వచ్చెను. ఆరు సంవత్సరములు మేము మాటలాడుకొనలేదు. ఒకే గుడికి పోవుచుంటిమి, ఒకే బల్ల యొద్ద ప్రభువు రొట్టె తీసికొనుచుంటిమి. బయటికి వచ్చి చెప్పులు తొడిగికొని చెరియొక త్రోవ పోవుచుంటిమి. మీ ఊరిలో ఇట్టివారు లేరని మీరు చెప్పగలరా?

ఒక వేసవిలో గాలివాన వచ్చి ఆ వేప వేళ్లు లేచెను. చెట్టు మొదటినుండి నా పెరటి వైపు ఒరిగి పెరిగినది. ఇప్పుడు మరింత ఒరిగి నా యింటి కప్పు మీద పడుటకు సిద్ధమాయెను. నేను ఆఫీసుకు తిరిగి అనుమతి తెచ్చితిని, అటవీశాఖవారిని కనుగొంటిని, యంత్రము గలవానిని పిలిపించితిని. తమ్మునికి కబురు మాత్రము పంపితిని: మాను చెరిసగము అని. నేను ధర్మాత్ముడను గదా!

చెట్టు నరుకక మునుపే నా వైపు బెరడు మీద నిలువున సున్నపు గీత ఒకటి పెట్టించితిని. గోడకు ఇవతల ఉన్న సగము నాది, అవతలి సగము వానిది అని నా లెక్క. న్యాయముగానే కనబడును. చెట్టు పడినది, మొదలు కోసి ఎనిమిది అడుగుల మొద్దును విడదీసిరి. ఆ రాత్రి అందరును నిద్రించిన తరువాత నేను టార్చిలైటు పట్టుకొని పోయి మొద్దు కొనను చూచితిని. ఒరిగి పెరిగిన చెట్టుకు నడిబొడ్డు నడుమ ఉండదు. వేప వంటి చెట్టు ఒరుగుచున్నప్పుడు, పైవైపున ఎక్కువ మాను పోసికొని తన్ను తాను నిలువబెట్టుకొన చూచును. అందువలన బొడ్డు క్రింది వైపునకు జరిగియుండును. క్రింది వైపు నా వైపే. ఎర్రని చేవలో ఎక్కువ భాగము నా సున్నపు గీత వైపున ఉన్నది. తమ్ముని సగములో ఎక్కువ భాగము తెల్లచెక్కయే. నేను లైటు ఆర్పి వచ్చి పడుకొని హాయిగా నిద్రపోతిని. చదువరీ, నేను చేసిన తప్పు ఇది అని ఏ పంచాయతీయు చెప్పలేదు. నేను గీత జరుపలేదు. ద్వితీయోపదేశకాండములో పొరుగువాని సరిహద్దు రాతిని తీయవద్దని ఉన్నది, నేను తీయలేదు. సరిహద్దును ఉన్నచోటనే ఉంచి దానితోనే తమ్ముని దోచుకొనబోతిని.

మరునాడు యంత్రము వచ్చెను. నడుపువాడు ఇరువది యేండ్ల పిల్లవాడు. "యాటికి కోయమంటావు సార్?" అని అడిగెను. "గోడ ఎట్లుండెనో అట్లనే, సున్నపు గీతను పక్కకు పెట్టుకొని నడిమికి రెండు చెయ్" అంటిని. తమ్ముడు తన వాకిట నిలిచి చూచుచుండెను గాని ఏమియు అనలేదు. అనినను ఎవనితో అనును?

మా పేటలో ముసలి కోతగాడొకడు ఉన్నాడు. రంపము పట్టి ఎంత కాలమాయెనో. ఇంజను శబ్దము విని కర్ర పోటు వేసికొనుచు వచ్చి మొద్దు దగ్గర కూర్చుండెను. చెంబుతో నీళ్లు తెప్పించి మొద్దు కొన మీద పోసెను. నీళ్లు పడగానే ఎరుపు వేరుగా, తెలుపు వేరుగా తేటపడెను. ఆయన చాలసేపు చూచెను. పిమ్మట నా వైపు చూచెను.

"నాయనా, గోడ ఎమ్మట కోస్తే మాను చెడతాది. గోడ నడిచినట్ల మాను నడవలా. మాను నడిచినట్ల మనం నడవాల."

"అదేంది తాతా, ఎవరి పక్క వాళ్లకు రావద్దా?" అంటిని.

"ఎవరి పక్కనో మానుకేం తెలుసు?" అని ఆయన కావి అడిగెను. లేదంటిమి. పొయ్యిలోని బొగ్గు తెప్పించి, మొద్దు నడిమి నుండి జరిగియున్న బొడ్డు మీదుగా ఒక గీత గీసెను. అది నా గీతకు అడ్డముగా ఉండెను. "ఈ గీతకు సరిగా పొరలు పొరలుగా తియ్యి. పైన నాలుగు, కింద నాలుగు. నడాన బొడ్డు పలక ఒకటి. పై నాలుగు ఎట్లుంటాయో కింద నాలుగు అట్లనే ఉంటాయి. ఆ బొడ్డు పలక మాత్రం ఎవురికీ వద్దు, ముందు పగిలేది అదే."

మీరును ఒకసారి మనస్సులో గీసి చూడుడి. బొడ్డును నడిమిని కలుపు గీత వెంబడి ఏ మొద్దును చీల్చినను రెండు సగములు అద్దములో చూచినట్లు సమముగా ఉండును. దానికి అడ్డముగా చీల్చితిరా, ఒకనికి చేవ, ఒకనికి తెల్లచెక్క. చదువురాని ముసలివాడు బొగ్గుతో చెప్పిన క్షేత్రగణితము ఇది. ఇంకొక సంగతి కూడ అందులో ఉన్నది. నేను ఏ బొడ్డుకొరకు రాత్రి లైటు వేసి చూచితినో, ఆ బొడ్డు ఉన్న పలకయే ఎండునప్పుడు బీటలు వారును. చేవ మంచిదే గాని దాని నట్టనడుమ మంచిది కాదు. కోతగాండ్రందరికి తెలిసిన సంగతి, నాకు తెలియదు.

అందరును నా వైపు చూచుచుండిరి. అడ్డము చెప్పుటకు నాకు ఒక్క న్యాయమైన మాట దొరకలేదు, దొరికియుంటే చెప్పియుందును. "అట్లనే కోయి" అంటిని.

మొద్దు 16 అంగుళముల మందము. ఒకటింబావు అంగుళపు పలకలు తొమ్మిది అని తాత లెక్క వేసెను. రంపము నాలుగవ పలకలో ఉండగా కీచుమని ఒక శబ్దము వచ్చి, రవ్వలు లేచి, పట్టీ తెగిపోయెను. పిల్లవాడు ఇంజను ఆపి, తిట్టుకొనుచు ఉలితో త్రవ్వి చూచెను. మాను లోపల నాలుగు వ్రేళ్ల లోతున ఒక ఇనుప మేకు. ఊరి చెట్లలో ఇది సామాన్యము. అందుకే కోతకు ముందు చెట్టు చరిత్ర అడుగవలెనందురు. మేకు కొట్టినవారు మరచిపోదురు. చెట్టు బెరడు కప్పుకొని లోపల దాచుకొనును. "ఎవురు కొట్టినారు సార్ దీన్ని? పట్టీ డబ్బులు మీరే ఇయ్యాల" అని వాడు నన్నడిగెను. నాకు తెలియదంటిని.

"లాంతరు మేకు అన్నా," అని తమ్ముడు తన వాకిట నుండి అనెను.

ఆరు సంవత్సరముల పిమ్మట వాడు నాతో అన్న మొదటి మాట అది. అమ్మ శుక్రవారపు కూటమునకు లాంతరు తగిలించు మేకు. ఆ దినములలో కరెంటు లేదు. చెట్టు క్రింద చాప పరచి, ఆ మేకుకు లాంతరు తగిలించి, పేటవారందరును కూర్చుండెడివారు. నేను మరచితిని; వాడు మరువలేదు. నేను ఏమియు అనలేకపోతిని. వాడు లోపలికి పోయి, తెగిన పట్టీ వెలలో సగము తెచ్చి పిల్లవాని చేతిలో పెట్టెను. నేను అడుగలేదు.

ఇక మనము ప్రశ్న దగ్గరకు వత్తము. ఆ మాను ఎవరిది? నాటినవానిది అందురా? దానిని ఎవరును నాటలేదు. వేపపండు తిన్న ఏ కాకియో ఆ గోడ సందున విత్తనము వేసియుండును. నీళ్లు పోసినవారిది అందురా? అమ్మ అంట్లు కడిగిన నీళ్లు పోసెను; ఆ అమ్మ ఇద్దరికిని అమ్మయే. స్థలము గలవానిది అందురా? వేళ్లు గోడకు అటును ఇటును నీళ్లు త్రాగెను, ఏ సర్వే నంబరులో త్రాగెనో వ్రాసిపెట్టుకొనలేదు. కాగితము గలవానిది అందురా? అనుమతి కాగితము నా పేరనే ఉండెను. ఆఫీసుకు తిరిగినది నేనే గదా అని ఒక క్షణము నా మనస్సులోనికి ఆ ఆలోచన కూడ వచ్చెను, దాచను. కోయించినవానిది అందురా? అట్లయితే శేషాచలములో కోయించినవానిది కూడ వానిదే కావలెను.

అంతయు దేవునిది అని మీరు చెప్పుదురు. నేనును గుడిలో ఎన్నోసార్లు చెప్పితిని. సత్యమే. అయితే ఆ మాట చెప్పి కూర్చుండినవాడు కూడ సాయంకాలమునకు తన పలకలు లెక్కపెట్టుకొనియే ఇంటికి మోసికొనిపోవును. అంతయు దేవునిది అనుట సులభము, నాలుగవ పలక తమ్మునిది అనుట కష్టము. మొదటిది చెప్పి రెండవది చెప్పకుండ తప్పించుకొనుటకు నేను నేర్పరిని. కనుక పంపకముల దగ్గర, ఎవరి భక్తి ఎంత అని చూచుటకంటె ఎవరు కోయుదురు, ఎవరు ముందు కోరుకొందురు అని చూచుట మేలని నా అభిప్రాయము. కోసినవాడు కోరుకొనకూడదు. అబ్రాహాము లోతుతో విడిపోవునప్పుడు పెద్దవాడై యుండియు కోరుకొను పని లోతునకే విడిచెను. లోతు నీళ్లుగల ప్రదేశమును కోరుకొని ఏమాయెనో వేరే సంగతి. నేను పెద్దవాడనై యుండి కోయుటయు కోరుకొనుటయు రెండును నా చేతిలోనే పెట్టుకొంటిని. తప్పు అక్కడ మొదలాయెను. చేవ ఎటు ఉన్నదను సంగతి తరువాతిది.

రెండవ రాజుల గ్రంథము ఆరవ అధ్యాయము తెరచి చూడుడి. ప్రవక్తల శిష్యులకు ఉండుచోటు ఇరుకై యొర్దాను ఒడ్డునకు మ్రానులు కొట్టుటకు పోయిరి. ఒక్కొక్కడు ఒక్కొక్క దూలము తెచ్చుకొనవలెనని వారి ఏర్పాటు. ఇంటి మానును సొంత చేతులతో సిద్ధము చేసికొనుటకు ఇంతకంటె మంచి మాదిరి నాకు దొరకలేదు. ఆ పనిలో ఒకని గొడ్డలి ఊడి నీళ్లలో పడగానే వాడు కేకవేసెను. ఎందుకు? గొడ్డలి పోయినందుకు కాదు. అది ఎరువు తెచ్చినదైనందుకు. ఇనుము తేలుటయే అందరికిని అద్భుతము. నాకైతే ఎరువు సొమ్మును గూర్చి వానికి కలిగిన భయమే ఇప్పుడు ఎక్కువ అద్భుతముగా కనబడుచున్నది. వాడు కొట్టుచున్న మ్రాను మాత్రము ఎవరిది? దానిని గూర్చి ఎవరును అడిగినట్లు అక్కడ లేదు.

ఇంకొక చిక్కు నాకు తెగలేదు. మీ యెదుట పెట్టెదను. ఆ మొద్దును వెనుకటివలె కోయించియుంటే ఇద్దరు మనుష్యులకు రెండు మూడు దినముల కూలి. యంత్రము సగము దినములో ముగించెను. ఆ కూలి మేము మిగుల్చుకొంటిమా, దొంగిలించితిమా? ఇప్పుడు రంపము పట్టుటకు ఎవరును లేరు, ఉన్నను పొట్టు కండ్లలో పడు ఆ పనికి తన కొడుకును పంపువాడు లేడు. కావున దొంగతనము కాదని నేనందును. కాని రంపము పోయినను చూపు మిగిలియుండెను గదా. ఆ ముసలివాని చూపు లేకపోతే యంత్రము ఆ మానును చక్కగా, వేగముగా, అన్యాయముగా కోసియుండును. నేను ఆయనకు ఒక గ్లాసు టీ ఇప్పించితిని. సాయంకాలము తమ్ముడు ఆయనకు ఒక దినపు కూలి ఇచ్చెనని తరువాత వింటిని. ఇదివరకు కోతగాండ్రకు అడుగు లెక్కను కూలి యిచ్చుచుంటిమి; చూపునకు ఏ లెక్కను ఇవ్వవలెనో మన పెద్దలెవరును చెప్పిపోలేదు. పల్లెలలో ఇట్టి ముసలివారు, మంత్రసానులు, బావికి చోటు చూపువారు, ఎద్దు పండ్లు చూచి వయస్సు చెప్పువారు ఎందరో యున్నారు. వారిని అడుగుదుము, టీ ఇత్తుము, పంపివేయుదుము.

పలకలు తొమ్మిది వచ్చెను. పై నాలుగు, క్రింది నాలుగు. ముసలివాడు చెప్పినట్లే రెండు వరుసలును కవలలవలె ఉండెను. నేను మాత్రము ఏ నాలుగు కావలెనో తమ్మునినే కోరుకొమ్మంటిని. వాడు చూడకుండనే క్రిందివి అనెను. పచ్చి పలకలను వెంటనే వాడరాదు. అంగుళము మందమునకు ఒక సంవత్సరము నీడను ఆరవలెనని వడ్రంగుల లెక్క. మన ఎండలో వదిలితే పై పొర ముందు బిగిసి పలక చీలిపోవును. అందుకని కొనలకు రంగో మైనమో పూసి, పలకకు పలకకు నడుమ సన్నని బద్దలు పెట్టి, గాలి తగులునట్లు పేర్చి, పైన బరువు పెట్టవలెను. ఒరిగి పెరిగిన మాను గనుక దానిలో బిగువు ఎక్కువ. రంపము దాటిన వెంటనే రెండు పలకలు విల్లువలె పైకి లేచుట మేము కండ్లార చూచితిమి. వాటిని వారమునకొకసారి త్రిప్పివేయవలెనని ముసలివాడు చెప్పిపోయెను.

నా పెరట నీడ లేదు. ఉన్న నీడ ఆ చెట్టుదే. తమ్ముని యింటి ఉత్తరపు పంచ చల్లగా నుండును. ఎనిమిది పలకలను అక్కడనే పేర్చితిమి. బొడ్డు పలక రెండు వాకిండ్ల నడుమ మురుగుకాలువ మీద పడియున్నది. నెల తిరుగక మునుపే అది నిలువున పగిలెను. ప్రతి ఆదివారము గుడి విడిచిన పిమ్మట నేను దానిని దాటి అవతలికి పోవుచున్నాను. ఎనిమిది అడుగుల పచ్చి వేప పలకను ఒక్కడు త్రిప్పలేడు. వాడు ఒక కొన పట్టును, నేను ఒక కొన పట్టుదును. బావి మాట ఇంకను రాలేదు. మరదలు లోపలనుండి నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టిపోవుచున్నది. ఆ రెండు పలకల వంపు తీరుటకు ఇంకను ఎన్ని నెలలు పట్టునో నాకు తెలియదు.